ఎడం చేత్తో పిలిచిన మత్స్యకన్య

ఈమధ్య ఒకాయన ఫోనులో ఏదో బొమ్మ చూపించి, "మత్స్యకన్య అంటే మన బొమ్మ కాదు కదండీ, విదేశాలది కదా" అన్నాడు. చదువుకున్నవాడే. మెడలో ఆఫీసు కార్డు కూడా వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. "మీ ఇంటి దగ్గర గుళ్ళో దశావతారాల వరస చూశారా? మొదటి అవతారానికి నడుం కింద ఏముంది?" అని అడిగాను. ఆయన నవ్వేసి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ కోపం ఇంకా తగ్గలేదు. అది తగ్గాలనే ఇది రాస్తున్నాను.

నేను ఆటోనగర్లో లారీలకి బొమ్మలు వేసి బతికినవాణ్ణి. బళ్ళో కూర్చుని చదివింది తక్కువ, పాత పుస్తకాల బండి దగ్గర నిలబడి చదివింది ఎక్కువ. ఆ రోజుల్లో కొత్త బాడీ కట్టించిన ప్రతి లారీ ఓనరూ వెనక తలుపు మీద ఏదో ఒక బొమ్మ అడిగేవాడు. నెమలి, పులి, జింక, సూర్యోదయం. కోస్తా వైపు చేపల లోడు తోలేవాళ్ళు మత్స్యకన్యని అడిగేవారు. "మేస్త్రీ, కొంచెం కళగా వెయ్యి" అనేవారు డ్రైవర్లు. కళ అంటే వాళ్ళ ఉద్దేశంలో బట్ట తక్కువగా అని. నేను జుట్టు మోకాళ్ళ దాకా, అంటే మోకాళ్ళు ఉండాల్సిన చోటు దాకా, పరిచేసేవాణ్ణి. "నీ మత్స్యకన్యకి జుట్టే చీర" అని షెడ్డులో అందరూ ఎగతాళి చేసేవారు. చెయ్యనీ.

మా ఇల్లు గుణదల కొండ కింద. మేరీమాత తిరునాళ్ళకి వచ్చే ఎగ్జిబిషన్లో ఒక ఏడు 'సముద్రపు వింత' అని డేరా వేసి, దాని ముందు కట్టే గుడ్డ మీద మత్స్యకన్యని నాచేత గీయించారు. లోపల ఒక మనిషికి రబ్బరు తోక తొడిగి గాజు తొట్టిలో కూర్చోబెట్టారు. తోక విప్పితే మళ్ళీ తొడుక్కోవడం కష్టమని, ఆవిడ టీ గ్లాసు తొట్టి దగ్గరికే తెప్పించుకుని తాగేది. జనం అది చూసి కూడా నమ్మేవారు. టీ తాగితే మత్స్యకన్య కాకుండా పోతుందా అన్నట్టు దణ్ణం పెట్టి మరీ బయటికి వచ్చేవారు.

నా బొమ్మకి మూలం మాత్రం ఆ డేరా కాదు, మా అమ్మ. మా అమ్మది కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక పల్లెకారుల ఊరు. పెళ్ళయి బెజవాడ వచ్చింది, నాన్నతోపాటు గుడి మార్చి చర్చికి వెళ్ళింది. కథలు మాత్రం మార్చలేదు. కృష్ణమ్మకి ఒక కూతురు ఉందనీ, ఆ పిల్లని సముద్రానికి ఇచ్చి చేశారనీ చెప్పేది. వరదతోపాటు అత్తారింటికి బయల్దేరిన పిల్ల, సరిగ్గా ఏరు సముద్రంలో పడే మొగ దగ్గర వెనక్కి తిరిగి పుట్టింటి వైపు చూసిందట. అక్కడే ఆగిపోయింది. నడుం దాకా మంచినీళ్ళ పిల్ల, నడుం కింద ఉప్పునీళ్ళ చేప. ఇంటికొచ్చే పడవలకి దారి తప్పితే ఇసక మేట మీద కూర్చుని చెయ్యెత్తి ఇటు రమ్మని పిలుస్తుందట. అత్తింటికీ పుట్టింటికీ దారి తెలిసినది అదొక్కతే కదా అనేది అమ్మ.

ఆ చెయ్యి నేను గీశాను. తలకి కాస్త పైగా ఎత్తిన కుడిచెయ్యి. లావు కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో చుక్కలు పొడిచి పెట్టుకున్నాను. కాగితాన్ని తలుపుకి ఆనించి బొగ్గుపొడి మూటతో తడితే చుక్కల్లోంచి బొమ్మ దిగుతుంది. ఆటోనగర్లో మా పనంతా అదే. ఒక కాగితం చేసుకుంటే జన్మంతా వస్తుంది. లారీకి రెండు పక్కలా బొమ్మ కావాలంటే ఒక పక్కకి కాగితం తిప్పి వెయ్యడమే. నెమలి అటూ ఇటూ ముందుకే చూస్తుంది. తిప్పకుండా వేస్తే ఒకవైపు నెమలి వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, ఓనరు తిడతాడు. తిప్పాలన్నది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు.

తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. కంప్యూటర్లో పుట్టి మిషన్లో కోసిన పులులు వచ్చాయి. పులికి మీసం ఎటు ఉంటుందో తెలియని కుర్రాళ్ళు పులుల్ని అంటించారు. నా చెయ్యి కూడా అప్పటికే వణకడం మొదలుపెట్టింది. మా అమ్మాయి బ్రష్షు పట్టింది. నేను వద్దనలేదు, అలాగని ఉత్సాహపడనూ లేదు. షాపు బోర్డులు రాసింది, స్కూలు గోడల మీద బొమ్మలు వేసింది, అవీ తగ్గిపోయాయి. చివరికి ఎవరో చెప్పారు, సముద్రం వైపు ఫైబర్ బోట్లకి చేతి బొమ్మలే కావాలంటున్నారని. ఉప్పునీళ్ళకి స్టిక్కరు నిలవదు, అంచు లేచిపోతుంది.

"ఇదొక్కటి చూస్తాను నాన్నా. ఈ రేవులో నా పని కుదిరితే కుదిరినట్టు. లేకపోతే బ్రష్షులు కడిగి అటక మీద పెట్టేస్తాను, స్టిక్కర్ల షాపులో కంప్యూటర్ దగ్గర కూర్చోమంటున్నారు, కూర్చుంటా" అంది. కూర్చుంటే తప్పేముంది అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. కూర్చుంటా అంటున్నప్పుడు అది నా వైపు చూడలేదు.

వేట నిషేధం అయిపోవస్తున్న రోజులు. చల్లపల్లి మీదుగా బస్సులో రంగు డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. రేవులో పడవలన్నీ ఒడ్డున పడుకుని ఉన్నాయి. మాకు పని చెప్పిన అతను తన పడవకి తనే సరంగు, అంటే నడిపేది తనే. కొత్త పడవ. ముక్కుకి రెండు చెంపలా మత్స్యకన్య కావాలన్నాడు. మా అమ్మాయి నా చుక్కల కాగితమే తెచ్చింది. ముందు కుడిచెంప, తర్వాత కాగితం తిప్పి ఎడమచెంప. చెబితే మీరు నమ్మరు, నాకన్నా బాగా వేసింది. పొలుసుల మీద తెల్లటి మెరుపు ఒక్కొక్కటే పెట్టింది. చుట్టుపక్కల పడవల వాళ్ళు వచ్చి చూసి, "మాకూ వెయ్యాలమ్మాయ్, ముందు ఇది నీళ్ళల్లో దిగనీ" అంటూ వెళ్ళారు. ముందు ఇది దిగాలి. అందరిదీ అదే మాట.

వేట మొదలయ్యే రోజు వచ్చింది. మధ్యాహ్నం పోటు మీద మొగ దాటాలి. నీళ్ళు తగ్గితే ఇసక తగులుతుంది. పడవలో వలలు, డీజిలు, మంచినీళ్ళ డబ్బాలు ఎక్కించేశారు. కొబ్బరికాయ సిద్ధం చేశారు. అప్పుడు వచ్చింది సరంగు తల్లి, నెత్తిన గంప పెట్టుకుని. అప్పటిదాకా ఎక్కడో చుట్టాలింట్లో ఉందట, బొమ్మ చూడటం అదే మొదలు. కుడిచెంప చూసి మెచ్చుకోలుగా తలూపింది. చుట్టూ తిరిగి ఎడమచెంప దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"ఎవరేశారయ్యా ఈ బొమ్మ?"

"మా అమ్మాయేనండీ" అన్నాను, కొంచెం గొప్పగానే.

"ఏ చెయ్యి ఎత్తిందది?"

చూశాను. కాగితం తిప్పితే ఏమవుతుందో అదే అయింది. ఎడంచెయ్యి.

"ఎడం చేత్తో పిలిచేది ఆ తల్లి కాదు" అంది ముసలావిడ. గొంతు పెద్దగా లేదు, అయినా పడవ అవతల ఉన్నవాళ్ళు కూడా వల వదిలేసి ఇటు వచ్చారు. "దాని ఏషం కట్టుకున్నది ఇంకోటుంది. తల్లి కుడిచేత్తో పిలిచి దారిలో పెడద్ది. ఇది మేట మీద నిలబడి ఎడం చేత్తో పిలుత్తది. పిలిచి ఇసక మీదికి ఎక్కిత్తది. మంచులో కుడీ ఎడమా చూసుకోకే మా ఆయన పోయాడు. నువ్వు దాన్ని తెచ్చి నా కొడుకు పడవకే కట్టావా?"

నాకు చిర్రెత్తింది. అన్నేళ్ళు లారీలకి తిప్పి వేసిన కాగితం అది. ఒక్క లారీ బోల్తా పడిందని ఎవరూ నా దగ్గరికి రాలేదు. "చేపకి చేతులే ఉండవమ్మా! దానికి కుడేంటి, ఎడమేంటి?" అన్నాను.

"చెయ్యి పెట్టింది మీరేగా. పెట్టేటప్పుడు చూసుకుని పెట్టాల."

పడవ వాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదని చూసి ఆపేశారు.

"అది ఒకటే బొమ్మ. అద్దంలో చూసుకుంటే నీ కుడిచెయ్యి కూడా ఎడమలాగే కనపడుతుంది" అని సైన్సు చెప్పాను.

"అద్దంలో మనిషి చెయ్యూపితే ఎనకాల ఎవరూ పోరయ్యా, మేస్త్రీ."

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు, పెంచాను. మూఢనమ్మకం అన్నాను, ఫోనుల్లో దారి చూపించే కాలంలో ఇదేంటన్నాను. సరంగు నా భుజం మీద చెయ్యి వేసి, "బాబాయ్, మీరు ఆగండి. అమ్మా, పొద్దెక్కుతోందే" అన్నాడు. ఇంతలో పడవ మనుషుల్లో ఒకడు లుంగీ పైకి కట్టి, "నేనెక్కను మావా. మా ఇంట్లో ఆడమనిషి నీళ్ళోసుకుంది. తెలిసి తెలిసి ఎట్టా ఎక్కేది?" అని ఇసకలో కూర్చున్నాడు. వాడి పక్కన ఇంకొకడు కూర్చున్నాడు. మిగతా పడవలు ఒక్కొక్కటే నీళ్ళల్లోకి జారుతున్నాయి. మాకూ వెయ్యాలమ్మాయ్ అన్నవాళ్ళందరూ ఇటు చూస్తూనే వెళుతున్నారు.

"దాని మీద నీలం కొట్టేద్దాం" అన్నాను మా అమ్మాయితో.

"ఒక పూతకి ఆగదు నాన్నా. కింద చెయ్యి పైకి కనపడుతుంది. ఆరాలి, మళ్ళీ కొట్టాలి. టైమెక్కడిది?"

నిజమే. సగం చెరిగిన ఎడంచెయ్యి పడవ మీద ఉంటే, మొత్తం చెయ్యి కంటే భయంగా ఉంటుంది. సరంగు సముద్రం వైపు చూస్తున్నాడు. ముసలావిడ మాత్రం ఆపలేదు. నన్ను తిడుతోంది, కొడుకుని తిడుతోంది, బెజవాడ మొత్తాన్ని తిడుతోంది. నేను ఆవిడ నోటి వైపే చూస్తున్నాను, ఏ మాటకి ఏం బదులివ్వాలా అని. మా అమ్మాయి ఆవిడ మాటలు వింటున్నట్టే లేదు. ఆవిణ్ణి కింది నుంచి పైదాకా చూస్తోంది.

"అమ్మమ్మా, కాస్త అట్టాగే నిలబడతావా?" అంది.

"ఎందుకే?"

"కదలకు. తిట్టుకో, కానీ కదలకు."

అప్పుడు చూశాను నేను. ముసలావిడ కుడిచెయ్యి మమ్మల్ని చూపుడువేలితో పొడుస్తోంది. ఎడంచెయ్యి మాత్రం పైకెత్తి, నెత్తి మీద గంపని పట్టుకుని ఉంది. సరిగ్గా బొమ్మలో చెయ్యి లేచిన ఎత్తుకే. వచ్చినప్పటి నుంచీ ఆవిడ అలాగే నిలబడి ఉంది, కళ్ళెదుటే.

మా అమ్మాయి సుద్దముక్కతో ఎత్తిన చేతి వేళ్ళ దగ్గర నుంచి తల మీదుగా ఒక గుండ్రం తిప్పింది. గంప అంచు వచ్చింది. రంగు డబ్బా మూత తీసి నాకు ఇచ్చి, "పట్టుకో" అంది. ఇంట్లో నాతో అలా మాట్లాడే మనిషి కాదు. పట్టుకున్నాను. పసుపులో కాస్త నలుపు కలిపి అల్లిక వేసింది, వేళ్ళు గంప అంచుని పట్టుకున్నట్టు మడత పెట్టింది. పిలిచే చెయ్యి మోసే చెయ్యి అయింది.

నేను ఊరుకోలేకపోయాను. "చేప చేపల గంప మోయడమేంటి? ఎక్కడైనా ఉందా ఇది?"

ఇసకలో కూర్చున్నవాడు అందుకున్నాడు. "అదే కదా, తన జాతినే బజార్లో పెట్టుకుంటదా?"

"అమ్ముకోడానికి కాదురా ఎదవా" అంది ముసలావిడ. బొమ్మ ముందు నిలబడి తల పక్కకి వాల్చి చూస్తోంది. "అత్తారింటి నుంచి పుట్టింటికి పట్టుకెళ్తంది. కృష్ణమ్మ ఇంటికి. ఒట్టి చేతుల్తో ఎట్టా పోద్ది?"

నా చేతిలో డబ్బా ఒలికింది. ఆ అత్తారింటి కథ మా అమ్మ నోట తప్ప నేను ఎక్కడా వినలేదు. అమ్మ పోయాక, పాత పుస్తకాల్లో వెతికినా దొరకలేదు. ఎవరు చెప్పారని అడుగుదామనుకునేలోపే ఆవిడ మా అమ్మాయి మీద పడింది.

"ఖాళీ గంపతో పంపుతావేంటే వేటకి?"

మా అమ్మాయి ముఖం తుడుచుకుని గంప పైన చేపతోకలు పెట్టింది, గబగబా, ఒకటి పక్కన ఒకటి. సరంగు నీళ్ళ వైపు, బ్రష్షు వైపు, మళ్ళీ నీళ్ళ వైపు చూస్తున్నాడు. చివరి తోక పూర్తి కాకముందే, "ఇంక చాలమ్మా, పోటు పోద్ది" అన్నాడు. కూర్చున్నవాళ్ళు ముసలావిడ ముఖం చూశారు. ఆవిడ పసుపు నీళ్ళు పడవ ముక్కు మీద చల్లి కొబ్బరికాయ కొట్టింది. వాళ్ళు లేచారు.

"ఎడమ పక్క ఎవరూ ఆనుకోకండి. రంగు పచ్చిది" అని అరిచాను. అందరూ కుడి పక్కే చేరి నెట్టారు. పడవ ఒక పక్కకి ఒరుగుతూ, అన్నిటికంటే ఆఖరున నీళ్ళల్లోకి దిగింది. ఆవిడకి తెలిసిన దణ్ణం ఆవిడ పెట్టింది, నాకు తెలిసిన ప్రార్థన నేను చేశాను.

మొగ రేవులోంచి కనపడదు, మడచెట్లు అడ్డం. పడవ ఆ చెట్ల వెనక్కి వెళ్ళిన కాసేపటికి, ముందు వెళ్ళిన పడవలోంచి ఎవరో ఒడ్డుకి ఫోన్ చేశారు. ఫోనెత్తినవాడు విని, మా వైపు తిరిగి అన్నాడు. "ఆ బొమ్మ పడవ ఇసకెక్కిందంట."

తర్వాత ఫోన్ కలవలేదు. అక్కడ సిగ్నల్ అంతే.

ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు మాకు కాస్త ఎడంగా జరిగి కూర్చున్నారు. ఒకావిడ ఇంకొకావిడతో, మాకు వినపడేలాగే, "హస్తవాసి మంచిది కాకపోతే ఎవరేం చేత్తారు" అంది. నేను లేవబోయాను. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ముసలావిడ దూరంగా గంప బోర్లించి దాని మీద కూర్చుంది, మొగ వైపు తిరిగి. మేము ఆఖరి బస్సు ఎక్కలేదు. ఎవరో అన్నం పెడితే మా అమ్మాయి ముట్టుకోలేదు. "అది వెనక్కి రాకపోతే నాన్నా" అని మొదలుపెట్టి ఆపేసింది. ఆ పూట, ఆ రాత్రి ఎలా గడిచాయో రాయను. గాలి మాత్రం ఆగలేదు.

తెల్లారాక పడవలు రావడం మొదలైంది. ఒకటొచ్చింది, మాది కాదు. ఇంకొకటి. వచ్చినవాళ్ళని అడిగితే, ఇసక మీద చూశాం, తర్వాత తెలీదు అన్నారు. ఎండ ఎక్కింది. ముసలావిడ లేచి మోకాళ్ళ లోతు నీళ్ళల్లోకి వెళ్ళి నిలబడింది. అప్పుడు మడచెట్ల పక్కగా ఒక ముక్కు కనపడింది. పడవ ఎడమచెంప మా వైపు ఉంది. గంప పెట్టుకున్న ఆడమనిషి ఎవరో నీళ్ళ మీద ఇంటికి నడిచొస్తున్నట్టు ఉంది. నా కళ్ళు సరిగ్గా ఆనవు, అది వేరే విషయం.

దగ్గరికి వచ్చాక చూద్దును కదా, గంప నాశనమైపోయింది. అల్లిక మీద, చేపతోకల మీద, ఎక్కడ చూసినా అరచేతుల ముద్రలు. పసుపు రంగు చారలు చారలుగా కిందికి దిగి ఎండిపోయాయి. పడవ మనుషుల చేతులూ పసుపే.

సరంగు దిగి నా ముందు నిలబడ్డాడు. "మేట తగిలింది బాబాయ్. అందరం ఎడమ పక్కే దిగాల్సొచ్చింది, అటే లోతు తక్కువ. మీరు ఆనుకోవద్దన్నారు గానీ, ఆనకపోతే పడవ లేవదు. గంప దగ్గరే చెయ్యి నిలిచింది, రంగు జిగురుగా ఉంది కదా. ఒక్క అల సాయం వచ్చింది, లేచిపోయాం. రాత్రి వేట చేసుకునే వచ్చాం." ఎక్కనని కూర్చున్నవాడు తన పసుపు చేతులు నాకు చూపించి నవ్వాడు.

నేను చిన్న బ్రష్షు తీశాను. నా జన్మలో ఒక్క మరక ఉన్న పని బయటికి పంపలేదు నేను. రెండు నిమిషాల్లో సరిచేస్తానన్నాను. ముసలావిడ బొమ్మకీ నాకూ మధ్య నిలబడింది.

"దాచెయ్ మేస్త్రీ. దాని మీద చెయ్యేశావంటే ఊరుకోను."

"అమ్మా, అది చెడిపోయింది!"

"చెడింది నీకు." మా అమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు రెండు మెతుకులు తిను ముందు. తర్వాత ఆ పక్క పడవ చూడు, మా మరిదిది."

ఆ రేవులో మా అమ్మాయికి ఇప్పుడు ఊపిరాడనంత పని. పక్క రేవుల నుంచి కూడా వస్తున్నారు. అందరికీ ఎడమచెంపన గంప మోసే మత్స్యకన్యే కావాలి. అక్కడితో ఆగితే నాకు బాధ లేదు. గంప మీద అరచేతుల ముద్రలు కూడా కావాలంటున్నారు! ఆరకముందే పడవ మనుషులందరూ వరసగా వచ్చి చేతులు అద్ది వెళుతున్నారు. వాళ్ళలో కొందరికి ఎందుకో కూడా తెలియదు. అడిగితే, "ఆనవాయితీ అండీ, మా తాతల కాడినించీ ఉంది" అంటున్నాడు ఒకడు నాతోనే, రంగు డబ్బా నా ఒళ్ళో ఉండగా.

నేను మాత్రం ఎడమచెంప కోసం వేరే కాగితం పొడుస్తున్నాను. గంప ఉంది, గంపలో చేపలున్నాయి, వేళ్ళ మడత ఉంది. ఇక తిప్పాల్సిన పని లేదు. చెయ్యి వణుకుతుంది కాబట్టి చుక్కలు కొంచెం అటూ ఇటూ పడుతున్నాయి. అరచేతులు మాత్రం పొడవను. అవి కావాలంటే వాళ్ళే వచ్చి వేసుకోవాలి.